ఒక్క కంప్యూటర్‌తో ఇంట్లోనే వర్చువలైజేషన్ ల్యాబ్: పెట్టడం, పడగొట్టడం, మళ్లీ నిలబెట్టడం

హోమ్ ల్యాబ్ (సర్వర్లు, నెట్‌వర్క్‌లు నేర్చుకోవడానికి ఇంట్లో పెట్టుకునే ఏర్పాటు) అనుకోగానే చాలామంది సామాను వేటలో పడతారు. ఏ సర్వర్, ఏ స్విచ్, ఎంత పెద్ద ర్యాక్ అంటూ వారాలు గడిచిపోతాయి. తీరా అన్నీ అమరాక దాన్ని కదిలించాలంటే భయం, ఎక్కడ పాడవుతుందోనని. ల్యాబ్ ఉన్నదే పాడుచేసుకోవడానికి. అందుకే కింద చెప్పే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో చూడండి: ఇక్కడ ఏదైనా కూలితే, ఇంట్లోవాళ్ల ఇంటర్నెట్‌కు ఏమీ కాకుండా, కాసేపట్లో మళ్లీ లేపగలనా? అవునంటే ముందుకు వెళ్లండి. కాదంటే ఆ ఏర్పాటు మార్చండి.

1. మెషీన్ ఎంచుకోవడం

మీ దగ్గర మూలన పడి ఉన్న డెస్క్‌టాప్ గానీ, ఆఫీసులు తీసేసిన మినీ పీసీ గానీ చాలు. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్‌కు, అంటే ఒకే కంప్యూటర్‌ను చాలా కంప్యూటర్లలా నడపడానికి, హార్డ్‌వేర్ తోడ్పాటు ఉండాలి. ఇంటెల్‌లో దాన్ని వీటీ-ఎక్స్ అంటారు, ఏఎండీలో ఏఎండీ-వీ. ఇంటెల్ దీన్ని 2005లో, ఏఎండీ 2006లో తెచ్చాయి కాబట్టి గత పదేళ్లలో కొన్న డెస్క్‌టాప్ అయితే దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది.

అసలు చూడాల్సింది ర్యామ్. సీపీయూ పొయ్యి లాంటిది, వంతులవారీగా వాడుకోవచ్చు. ర్యామ్ మంచం లాంటిది, ఒకరు పడుకున్నచోట ఇంకొకరికి చోటుండదు. నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద రెండేసి వర్చువల్ కోర్లతో పది వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్లు) నడిపినా ఇబ్బంది లేదు, నేర్చుకునే ల్యాబ్‌లో అవి ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటాయి. ర్యామ్ విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు, దానికి 2 జీబీ వదిలేయండి. డెస్క్‌టాప్ తెర లేని (కమాండ్లతోనే నడిచే) లినక్స్ సర్వర్‌కు 1 నుంచి 2 జీబీ, డెస్క్‌టాప్ తెర ఉన్న విండోస్ సర్వర్‌కు 4 జీబీ వేసుకోండి. ఈ లెక్కన 16 జీబీతో నాలుగైదు మెషీన్లు హాయిగా నడుస్తాయి. 32 జీబీ ఉంటే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ చేయొచ్చు. చేతిలో ఉన్న డబ్బు కొత్త ప్రాసెసర్‌కా, ఇంకాస్త ర్యామ్‌కా అన్న సందేహం వస్తే ర్యామ్‌కే పెట్టండి. కొనేముందు మదర్‌బోర్డు గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో, స్లాట్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, పెంచే దారే ఉండదు.

డిస్క్ మాత్రం ఎస్‌ఎస్‌డీయే కావాలి. ఐదారు వీఎంలు ఒకేసారి అప్‌డేట్ మొదలుపెడితే పాత హార్డ్ డిస్క్ హెడ్ అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది, మీకు అన్నీ హ్యాంగ్ అయినట్టు కనిపిస్తాయి. పాత హార్డ్ డిస్క్ ఉంటే పారేయకండి, బ్యాకప్‌లకు పనికొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ ర్యాక్ సర్వర్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కొనేముందు ఒక చిన్న లెక్క వేయండి. 150 వాట్లు లాగే సర్వర్‌ను 30 రోజులు ఆపకుండా నడిపితే 108 యూనిట్ల కరెంటు. 20 వాట్ల మినీ పీసీకి అదే కాలానికి 14.4 యూనిట్లు. పైగా ఆ ఫ్యాన్ల మోత పక్క గదిలో ఉన్నా నిద్రపోనివ్వదు. దూరం నుంచి మెషీన్‌ను ఆన్ చేసే మేనేజ్‌మెంట్ పోర్టు, రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్క్‌లను కలిపి నడిపే కార్డు) లాంటివి చేత్తో పట్టుకుని నేర్చుకోవాల్సిన అవసరం ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దని నా సలహా.

ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీయే యూపీఎస్‌లా పనిచేస్తుంది, అది దాని గొప్ప. మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చుకోవాలి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయించండి. ల్యాప్‌టాప్‌కు కేబుల్ నెట్‌వర్క్ పోర్టు ఉండితీరాలి. వైఫై ఎందుకు కుదరదో నెట్‌వర్క్ దగ్గర చెబుతాను.

2. బయాస్‌లో రెండు మూడు మార్పులు

ప్రాసెసర్‌లో సౌకర్యం ఉన్నా బయాస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల్లో) ఆపేసి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’ అని, ఏఎండీ బోర్డుల్లో ‘ఎస్‌వీఎం మోడ్’ అని ఉంటుంది. ఆన్ చేయండి. పక్కనే వీటీ-డీ గానీ ఐఓఎంఎంయూ గానీ కనిపిస్తే అదీ ఆన్ చేయండి, తర్వాత గ్రాఫిక్స్ కార్డును నేరుగా ఒక వీఎంకు అప్పగించాలంటే కావాలి. కరెంటు పోయి వచ్చాక మెషీన్ తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా ఇక్కడే ఉంటుంది.

విండోస్ ఇంకా తీసేయకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూ నొక్కండి. వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని కనిపిస్తే ఈ పని అయిపోయినట్టే.

3. ఏ హైపర్‌వైజర్?

రోజూ వాడుకునే కంప్యూటర్ ఒక్కటే ఉంటే దాని మీదే వర్చువల్‌బాక్స్ గానీ వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో గానీ వేసుకుని మొదలుపెట్టండి. వర్క్‌స్టేషన్ ప్రో 2024 నుంచి ఉచితమే. వీఎం అంటే ఏమిటో, స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టి, తర్వాత అక్కడికి వెనక్కి తిప్పే సౌకర్యం) అంటే ఏమిటో తెలియడానికి ఇవి చాలు. కానీ ఇవి మీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ప్రోగ్రాములు. కంపెనీల సర్వర్ గదుల్లో నడిచే పద్ధతి వేరు. అక్కడ మెషీన్ మీద మొదట ఎక్కేదే హైపర్‌వైజర్. దాన్ని నేర్చుకోవాలంటే విడిగా ఒక మెషీన్ కేటాయించాలి.

ఆ మెషీన్ మీద నేనైతే ప్రాక్స్‌మాక్స్ వీఈ వేస్తాను. అది డెబియన్ లినక్స్ మీద కట్టింది. లోపల వీఎంలను నడిపేది కేవీఎం, అంటే 2007లో 2.6.20 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లోకే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోకే) చేరిన హైపర్‌వైజర్. కంటైనర్లకు (సొంత కెర్నెల్ లేకుండా మెషీన్ కెర్నెల్‌నే పంచుకునే తేలికపాటి వీఎంల్లాంటివి) ఎల్‌ఎక్స్‌సీ ఉంది. అన్నీ బ్రౌజర్ నుంచే చేసుకోవచ్చు, కింద ఉన్నది మామూలు లినక్సే కాబట్టి ఏది ఎందుకు జరిగిందో తవ్వి చూసుకోవచ్చు. ల్యాబ్‌కు ఇదే అసలు లాభం.

మరి వీఎంవేర్ వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ? వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక 2024 మొదట్లో దాని ఉచిత వెర్షన్‌ను ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. ఉచిత వెర్షన్‌ను వీసెంటర్‌కు (చాలా సర్వర్లను ఒకేచోట నుంచి నడిపే వీఎంవేర్ టూల్) కలపలేం. పైగా ఇళ్లలో ఉండే బోర్డుల్లో తరచుగా కనిపించే రియల్‌టెక్ నెట్‌వర్క్ చిప్‌లతో దానికి నేరుగా పొసగదు. ఉద్యోగానికి వీస్పియరే (ఈఎస్ఎక్స్ఐ, వీసెంటర్ కలిసిన వీఎంవేర్ వ్యవస్థ) కావాలంటే ప్రాక్స్‌మాక్స్ లోపలే ఒక వీఎంలో ఈఎస్ఎక్స్ఐ వేసి నేర్చుకోవచ్చు. విండోస్ వాతావరణంలో పనిచేసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ హైపర్-వీ సరైనదే, విండోస్ ప్రో ఎడిషన్‌లో ఎలాగూ వస్తుంది. ఇక్కడినుంచి నేను ప్రాక్స్‌మాక్స్ లెక్కనే చెబుతాను.

4. ఇన్‌స్టాల్ చేయడం

ప్రాక్స్‌మాక్స్ సైట్ నుంచి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలర్ డిస్క్ ఫైల్) దించుకుని, అక్కడే ఇచ్చిన షా-256 చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని తేల్చే గుర్తుతో) సరిచూసి, ఎచర్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయండి. ఇన్‌స్టాలర్ మీరు చూపించిన డిస్క్ మొత్తాన్ని చెరిపేస్తుంది. అందులో ఏమైనా కావాల్సినవి ఉంటే ముందే తీసిపెట్టుకోండి.

ఫైల్ సిస్టమ్ అడిగినప్పుడు, ఒక్క డిస్క్ ఉంటే ఈఎక్స్‌టీ4 చాలు. ఒకే సైజు ఎస్‌ఎస్‌డీలు రెండు ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (రెండిటిలోనూ ఒకే డేటా రాసే పద్ధతి) పెట్టుకోవచ్చు. అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్ కోసం ర్యామ్‌లో కొంత తినేస్తుందని గుర్తుంచుకోండి. 8.1 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఆ వాటాను మొత్తం ర్యామ్‌లో 10 శాతానికి కట్టడి చేస్తున్నారు. పాత వ్యాసాల్లో సగం ర్యామ్ పోతుందని రాసి ఉంటే అది అంతకుముందు సంగతి.

తర్వాత ఐపీ అడ్రస్. చాలామంది తర్వాత తల పట్టుకునేది ఇక్కడే. ఇన్‌స్టాలర్ మీ రౌటర్ నుంచి ఒక అడ్రస్ తెచ్చి పెట్టెలో నింపి చూపిస్తుంది. మీరు నెక్స్ట్ నొక్కితే దాన్నే స్థిరమైన అడ్రస్‌గా రాసేసుకుంటుంది. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. కొన్నాళ్లకు అదే అడ్రస్‌ను ఇంకో ఫోనుకు ఇచ్చిందంటే సర్వర్ ఉన్నట్టుండి మాయమవుతుంది. కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఏ అంకె నుంచి ఏ అంకె వరకు పంచుతోందో చూసి, దానికి బయట ఉన్న అడ్రస్ ఇవ్వండి. హోస్ట్ (వీఎంలను మోసే ఈ అసలు మెషీన్) పేరు కూడా ఆలోచించి పెట్టండి, వీఎంలు చేరాక మార్చడం తలనొప్పి.

మెషీన్ రీస్టార్ట్ అయ్యాక మానిటర్, కీబోర్డు పీకేయొచ్చు. వేరే కంప్యూటర్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో ఆ అడ్రస్, చివర 8006 పోర్టు కొట్టండి. సర్టిఫికెట్ గురించి బ్రౌజర్ హెచ్చరిస్తుంది. దాన్ని సర్వర్ తనకు తానే ఇచ్చుకుంది కాబట్టి అది మామూలే. రూట్ పేరుతో లాగిన్ అవగానే సబ్‌స్క్రిప్షన్ లేదన్న పెట్టె వస్తుంది, ఓకే నొక్కండి. నోడ్ (ఎడమవైపు కనిపించే మీ మెషీన్ పేరు) కింద రిపాజిటరీస్‌లోకి (అప్‌డేట్లు వచ్చే చోట్ల జాబితాలోకి) వెళ్లి ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీలను ఆపి, నో-సబ్‌స్క్రిప్షన్‌ది చేర్చి అప్‌డేట్ చేయండి. ఇది చేయకపోతే అప్‌డేట్లు ఎర్ర అక్షరాలతో విఫలమవుతూనే ఉంటాయి.

ఇక్కడ ఒక కట్టుబాటు పెట్టుకోండి. హోస్ట్ మీద ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయొద్దు. డాకర్, మీడియా సర్వర్, డేటాబేస్, ఏదైనా సరే ఒక వీఎంలోనే. హోస్ట్ ఎంత బోసిగా ఉంటే, అది పోయినప్పుడు మళ్లీ వేయడం అంత తేలిక.

5. మొదటి వీఎం, దాన్నుంచి టెంప్లేట్

లోకల్ అనే స్టోరేజీలోకి డెబియన్ గానీ ఉబుంటు సర్వర్ గానీ ఐఎస్‌ఓ ఎక్కించి, క్రియేట్ వీఎం నొక్కండి. డిఫాల్టుగా వచ్చేవి చాలావరకు బాగానే ఉంటాయి. నాలుగే చూసుకోండి. సీపీయూ టైప్ దగ్గర, మీకున్నది ఒక్క మెషీనే కాబట్టి ‘హోస్ట్’ పెట్టండి, అసలు ప్రాసెసర్ సౌకర్యాలన్నీ వీఎంకు కనిపిస్తాయి. డిస్క్‌కు విర్టియో ఎస్‌సీఎస్‌ఐ, నెట్‌వర్క్‌కు విర్టియో ఎంచుకోండి, విర్టియో అంటే వీఎంల కోసమే చేసిన పరికరాల రకం. డిస్క్ దగ్గర ‘డిస్కార్డ్’ టిక్ చేయండి, గెస్ట్‌లో (వీఎం లోపల) చెరిపిన జాగా తిరిగి హోస్ట్‌కు చేరడానికి అది కావాలి. నాలుగోది క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్, వీఎం లోపల ఉండి హోస్ట్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం. దీన్ని ఆప్షన్స్‌లో టిక్ చేయడంతోపాటు వీఎం లోపల ఆ ప్యాకేజీ కూడా వేయాలి. అప్పటికే నడుస్తున్న వీఎంకు టిక్ చేస్తే లోపలి నుంచి రీబూట్ కొడితే సరిపోదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి.

విండోస్ వేసేటప్పుడు ఇన్‌స్టాలర్ డిస్కే లేదంటుంది. కంగారు పడకండి. విండోస్‌లో విర్టియో డ్రైవర్లు ఉండవు. విర్టియో-విన్ ఐఎస్‌ఓను రెండో సీడీ డ్రైవ్‌గా తగిలించి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

లినక్స్ వీఎం ఒకటి శుభ్రంగా తయారయ్యాక దాన్ని టెంప్లేట్‌గా (నకళ్లు తీసే అచ్చుగా) మార్చండి. మార్చేముందు లోపల మెషీన్ ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయండి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు ఆ మెషీన్‌ను గుర్తుపట్టే కీలను) తీసేయండి. కీలు క్లోన్‌లో (టెంప్లేట్ నుంచి తీసిన నకలులో) మళ్లీ పుట్టించుకోవాలి. మెషీన్ ఐడీ వదిలేస్తే ఏమవుతుందంటే, ఉబుంటు సర్వర్ లాంటివి డీహెచ్‌సీపీకి తమను పరిచయం చేసుకునేది ఆ ఐడీతోనే. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు సొంత గుర్తింపు సంఖ్య) వేరైనా, అన్ని క్లోన్లూ ఒకే మనిషి అనుకుని రౌటర్ అందరికీ ఒకే ఐపీ ఇస్తుంది. ఇది తెలియనివాళ్లు గంటలకొద్దీ కేబుళ్లు, స్విచ్‌లు అనుమానిస్తారు. టెంప్లేట్ సిద్ధమయ్యాక లింక్డ్ క్లోన్ (టెంప్లేట్ డిస్క్‌నే ఆధారం చేసుకునే నకలు) క్షణాల్లో పుడుతుంది. ఇక వీఎం చెడితే బాగుచేయాలా, చెరిపి కొత్తది తీయాలా అన్నది మీ ఇష్టం. చేయి తిరిగాక క్లౌడ్-ఇనిట్ ఇమేజీల (మొదటిసారి ఆన్ అయినప్పుడు పేరు, కీలు వాటంతట అవే అమర్చుకునే రెడీమేడ్ డిస్క్‌ల) వైపు వెళ్లండి, ఈ శుభ్రం చేసే పని కూడా తప్పుతుంది.

6. నెట్‌వర్క్: ఇంటిని, ల్యాబ్‌ను విడదీయడం

ఇన్‌స్టాల్ అయ్యేటప్పటికే వీఎంబీఆర్0 అనే బ్రిడ్జి తయారై ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో చేసిన స్విచ్ అనుకోండి. దానికి మెషీన్ కేబుల్ పోర్టు కలిపి ఉంటుంది కాబట్టి, దానికి తగిలించిన ప్రతి వీఎం మీ ఇంటి నెట్‌వర్క్‌లో ఒక సభ్యుడైపోతుంది. సౌకర్యమే, ప్రమాదం కూడా అక్కడే. డీహెచ్‌సీపీ సర్వర్ ఎలా పెట్టాలో నేర్చుకుందామని ఒక వీఎంలో ఆన్ చేశారనుకోండి. ఇంట్లో ఫోన్లు, టీవీ దాని దగ్గర అడ్రస్‌లు తీసుకుని ఇంటర్నెట్ రావట్లేదని మీ మీదికి వస్తాయి.

వైఫై ఎందుకు వద్దన్నానో కూడా ఇక్కడే తెలుస్తుంది. బ్రిడ్జి మీద ప్రతి వీఎంకూ సొంత మ్యాక్ అడ్రస్ ఉంటుంది. వైఫై యాక్సెస్ పాయింట్ మాత్రం తనతో కనెక్ట్ అయిన కార్డు అడ్రస్‌తో వచ్చే ఫ్రేములనే ఒప్పుకుంటుంది, మిగతావి పారేస్తుంది. అడ్రస్‌లు మార్చి పంపే అడ్డదారులు ఉన్నాయి గానీ, నెట్‌వర్కింగ్ నేర్చుకునే ల్యాబ్‌కు అవి పనికిరావు.

విడదీసే పద్ధతి ఇది. నోడ్ కింద నెట్‌వర్క్‌లోకి వెళ్లి వీఎంబీఆర్1 పేరుతో ఇంకో లినక్స్ బ్రిడ్జి చేయండి. దానికి ఏ పోర్టూ కలపకండి, ఖాళీగా వదిలేయండి. అది మెషీన్ లోపలే ఉండే స్విచ్, బయటికి తలుపే లేదు. ఇప్పుడు ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్‌ను ఒక వీఎంలో వేసి రెండు నెట్‌వర్క్ కార్డులు ఇవ్వండి. వాన్ (బయటి) వైపుది వీఎంబీఆర్0కి, ల్యాన్ (లోపలి) వైపుది వీఎంబీఆర్1కి. మిగతా ల్యాబ్ వీఎంలన్నిటినీ వీఎంబీఆర్1కి మార్చండి. వాటికి ఇంటర్నెట్ ఆ ఫైర్‌వాల్ గుండా వస్తుంది, వాటి గోల ఇంట్లోకి రాదు.

ఇక్కడ రెండు చోట్ల ఆగిపోతారు. ఓపీఎన్‌సెన్స్ ల్యాన్ వైపు తనకు తానుగా 192.168.1.1 పెట్టుకుంటుంది. మీ ఇంటి రౌటర్ కూడా అదే వరస వాడుతుంటే రెండువైపులా ఒకే అడ్రస్‌లు పడి దారి తప్పుతుంది. ల్యాబ్‌కు 10.20.30.0/24 లాంటి దూరపు వరస ఇవ్వండి. రెండోది, వాన్ వైపు నుంచి ప్రైవేట్ అడ్రస్‌లు వస్తే ఆపేయమని దానిలో డిఫాల్టుగా టిక్ చేసి ఉంటుంది. అసలైన ఇంటర్నెట్ అంచున అది సరైనదే. కానీ మీ వాన్ నిజానికి మీ ఇంటి నెట్‌వర్కే కదా! మీ ల్యాప్‌టాప్ నుంచి ల్యాబ్‌లోకి వెళ్లాలంటే ఆ టిక్ తీసి, కావాల్సిన రూల్ రాయాలి.

ఇది పనిచేశాక వీల్యాన్‌లకు (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచే పద్ధతి) కొత్త స్విచ్ కొననక్కర్లేదు. వీఎంబీఆర్1కి ‘వీల్యాన్ అవేర్’ టిక్ చేసి, ఒక్కో వీఎం నెట్‌వర్క్ కార్డుకు 10, 20 అంటూ ట్యాగ్ ఇవ్వండి. ఓపీఎన్‌సెన్స్‌లో ఆ ట్యాగ్‌లకు ఇంటర్‌ఫేస్‌లు చేసి, సర్వర్లు ఒకవైపు, క్లయింట్లు ఒకవైపు పెట్టి మధ్యలో రూల్స్ రాసి చూడండి. ఈ ఉత్సాహంలో ఆ ఫైర్‌వాల్ వీఎంనే ఇంటి మొత్తానికి రౌటర్ చేసేయాలనిపిస్తుంది. చేయకండి. అప్పటినుంచి మీ ల్యాబ్‌ను ఆపడానికి ఇంట్లో అందరి అనుమతీ కావాలి.

బయటి ఊళ్ల నుంచి ల్యాబ్‌ను వాడాలంటే 8006 పోర్టును రౌటర్‌లో ఎప్పుడూ బయటికి తెరవకండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకుని లోపలికి రండి. రూట్ ఖాతాకు రెండంచెల లాగిన్ కూడా ఆన్ చేయండి.

7. బ్యాకప్ తీసి, కావాలనే కూలదోయడం

స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు. స్నాప్‌షాట్ ఆ డిస్క్ మీదే ఉంటుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. ప్రయోగం ముందు స్నాప్‌షాట్ తీయండి, పని అయ్యాక చెరిపేయండి. బ్యాకప్ మాత్రం వేరే డిస్క్‌కు వెళ్లాలి. మూలన పెట్టమన్న ఆ పాత హార్డ్ డిస్క్ ఇప్పుడు తీయండి. డేటాసెంటర్ కింద బ్యాకప్‌లో వారానికి ఒకసారి నడిచేలా పెట్టుకోండి.

రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి. కొత్త ఐడీతో రిస్టోర్ చేసి, ఆన్ చేసేముందు దాని నెట్‌వర్క్ కార్డును డిస్‌కనెక్ట్ చేయండి. లేదంటే ఒకే ఐపీతో అసలు వీఎం, నకలు వీఎం కొట్టుకుంటాయి.

ఇది కుదిరిందంటే ఇక కూల్చడం మొదలుపెట్టవచ్చు. ముందు హోస్ట్ షెల్‌లో టాప్ కమాండ్ నడపండి. మీ ఒక్కో వీఎం అక్కడ కేవీఎం అనే ఒక మామూలు ప్రాసెస్‌గా కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్ అంటే హోస్ట్ దృష్టిలో అంతే. ఇది కళ్లతో చూశాక తర్వాతి ప్రయోగం అర్థమవుతుంది. ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ వీఎంలకు పంచి, అన్నిటిలోనూ మెమరీ నింపే ప్రోగ్రాం నడపండి. హోస్ట్‌కు ర్యామ్ అయిపోగానే కెర్నెల్ ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను చూసి చంపేస్తుంది. అంటే మీ పెద్ద వీఎం హఠాత్తుగా ఆగిపోతుంది. దాని లోపలి లాగ్‌లలో ఏ కారణమూ దొరకదు, హోస్ట్ లాగ్‌లో మాత్రం అవుట్ ఆఫ్ మెమరీ అని స్పష్టంగా ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలియడమే ఈ విద్యలో సగం.

డిస్క్‌తోనూ అదే చేయండి. థిన్ స్టోరేజీలో (వీఎం నిజంగా రాసినంత జాగానే తీసుకునే పద్ధతిలో) 200 జీబీ మాత్రమే ఉన్నా 100 జీబీ చొప్పున మూడు వీఎంలకు ఇవ్వొచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. నిజంగా నిండే రోజున వీఎంలకు రాతలు ఆగిపోయి ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వస్తాయి, ఫైల్ సిస్టమ్‌లు దెబ్బతినొచ్చు. ముందు బ్యాకప్ తీసుకుని నింపి చూడండి, ఎలా కోలుకోవాలో వెతకండి.

8. ఒక్క మెషీన్ లోపలే మూడు నోడ్‌ల క్లస్టర్

క్లస్టర్ (ఒకే జట్టుగా పనిచేసే సర్వర్ల గుంపు, అందులో ఒక్కోటి ఒక నోడ్) నేర్చుకోవడానికి మూడు కంప్యూటర్లు కొనక్కర్లేదు. సీపీయూ టైప్ హోస్ట్ పెట్టిన వీఎంలో ఇంకో హైపర్‌వైజర్ నడుస్తుంది. 4 జీబీ చొప్పున మూడు వీఎంలు చేసి, మూడిట్లోనూ ప్రాక్స్‌మాక్స్ వేయండి. అన్నీ వీఎంబీఆర్1 మీదే ఉండాలి, మూడు పేర్లూ మూడు ఐపీలూ వేరువేరుగా ఉండాలి. మొదటిదానిలో క్రియేట్ క్లస్టర్ నొక్కి, అది ఇచ్చే జాయిన్ సమాచారాన్ని మిగతా రెండిటిలో అతికించండి. లోపలి నోడ్‌ల వేగం తక్కువే కానీ ఇక్కడ కావాల్సింది వేగం కాదు.

చిన్న వీఎం ఒకదాన్ని ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు నడుస్తుండగానే తరలించండి, లోపల పింగ్ ఆగుతుందేమో గమనించండి. తర్వాత ఒక నోడ్‌ను పవర్ తీసినట్టు ఆపేయండి. నోడ్‌కు ఒక ఓటు చొప్పున మూడింట రెండు ఓట్లు మిగిలాయి కాబట్టి క్లస్టర్ మామూలుగానే నడుస్తుంది. ఇంకోటి కూడా ఆపేయండి. మిగిలిన నోడ్‌కు మెజారిటీ పోయింది. దాని మీద అప్పటికే నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉంటాయి కానీ, సెట్టింగుల ఫోల్డర్ చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా మూసుకుంటుంది, కొత్తగా ఏ వీఎంనూ స్టార్ట్ చేయనివ్వదు. విడిపోయిన రెండు వర్గాలూ ఒకే వీఎంను వేర్వేరు చోట్ల లేపకుండా చూసే ఏర్పాటు అది. హై అవైలబిలిటీ (నోడ్ పోతే దాని వీఎంలను ఇంకో నోడ్ మీద లేపే సౌకర్యం) ఆన్ చేసి ఇదే ప్రయోగం చేస్తే, మెజారిటీ కోల్పోయిన నోడ్ కాసేపటికి తనంతట తానే రీబూట్ అవుతుంది. రెండు నోడ్‌లతో క్లస్టర్ ఎందుకు పెట్టకూడదో దీన్ని చూశాక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ప్రయోగాలకు ముందు మూడు నోడ్‌లనూ షట్‌డౌన్ చేసి, ఆగి ఉన్నప్పుడే మూడిటికీ స్నాప్‌షాట్ తీసుకోండి. క్లస్టర్ చిక్కుపడితే ఒక్కదాన్నే వెనక్కి తిప్పకండి. మిగతా రెండిటి దగ్గరున్న సమాచారంతో దానికి పొంతన కుదరదు. మూడిటినీ ఆపి, మూడిటినీ ఆ పాత స్నాప్‌షాట్‌కు తీసుకెళ్లి, అప్పుడు ఒక్కొక్కటిగా ఆన్ చేయండి.